ఎవరికి వారే ఖర్కాయి తీరే!

తప్పుదారి పట్టిన బాలుణ్ణి శిక్షించడం కంటె చక్కదిద్దడమే ధ్యేయమని మన బాలల న్యాయ చట్టం 1986 నుంచీ చెబుతూనే ఉంది. 2000లోను, 2015లోను దానిని తిరగరాశారు. పదహారేళ్లు నిండినవారు ఘోర నేరాలకు పాల్పడినప్పుడు మాత్రమే 2015 చట్టం పట్టు బిగించింది. మూల సూత్రం మారలేదు. దానిని అమలు చేయవలసిన శాఖలు ఎవరికి వారే యమునా తీరే అన్న చందంగా వ్యవహరించడమే అసలు లోపం.

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌నే తీసుకుందాం. ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది పరాయి ఊరేమీ కాదు. నగరం తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో ఉంది. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. అది సరాయికెలా-ఖర్సావాఁ జిల్లా. టాటానగర్ స్టేషన్‌ను నడిపే రైల్వే డివిజన్ కేంద్రం చక్రధర్‌పూర్ పశ్చిమ సింగ్‌భూమ్‌లో ఉంది. జనజీవనం ఒక్కటే అయినా హద్దులు మూడు జిల్లాలవి!

ఆదిత్యపూర్ బస్తీలో నివసించే పదిహేనేళ్ల కుర్రవాడు టాటానగర్ యార్డులో ఇనుప తుక్కు దొంగిలిస్తూ పట్టుబడ్డాడనుకుందాం. ఇటువంటి చిన్న నేరానికి కేసు నమోదు అవసరం లేదు. జనరల్ డైరీలో వివరం రాసి, 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో ఉంచరాదు, సంకెళ్లు వేయరాదు. బెయిలు ఇవ్వడమే నియమం. బాలుని ఇంటి పరిస్థితులపై ప్రొబేషన్ అధికారి పదిహేను రోజులలోగా నివేదిక ఇవ్వాలి. నాలుగు నెలల్లో విచారణ ముగియాలి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చిక్కు ఎక్కడ? బాలుణ్ణి పట్టుకున్నది రైల్వే పోలీసులు. విచారించవలసింది తూర్పు సింగ్‌భూమ్ బోర్డు. ఇల్లు, తల్లిదండ్రులు, చదువు మానేసిన బడి నదికి ఆవలి జిల్లాలో ఉన్నాయి. ఆ జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి సకాలంలో సమాచారం రాకపోతే బోర్డు దేనిని ఆధారం చేసుకుని నిర్ణయించాలి? ఉత్తరం నది దాటేలోగా బాలుడు ఘాఘీడీహ్ పరిశీలక గృహంలో తనకంటె ముదిరినవారి సహవాసంలో రోజులు లెక్కపెట్టవలసిందేనా?

సిబ్బంది కొరత నిజమే. ఖాళీలను భర్తీ చేయాలని సంపూర్ణ బెహురా కేసులో సుప్రీంకోర్టు 2018లోనే రాష్ట్రాలను ఆదేశించింది. కాని పొరుగు జిల్లాకు ఫోను చేయడానికి కొత్త ఉద్యోగాలు అక్కరలేదు. ఈ వ్యవస్థ పర్యవేక్షణలో జిల్లా మేజిస్ట్రేటు అధికారాన్ని 2021 సవరణ చట్టం మరింత పెంచింది. ఆ అధికారంతో రెండు జిల్లాల డిప్యూటీ కమిషనర్లు నెలకొకసారి బోర్డులు, ప్రత్యేక బాలల పోలీసు విభాగాలు, రైల్వే పోలీసులు, విద్యాశాఖలను ఒక్కచోట కూర్చోబెట్టవచ్చు. ఎవరి ఫైలు ఎక్కడ ఆగిందో అక్కడే తేలిపోతుంది.

నివారణకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బడి మానేసిన పిల్లవాడి పేరు ముందుగా తెలిసేది ఉపాధ్యాయునికి. ఆ కబురు పోలీసుల కంటె ముందే బాలల సంక్షేమ సమితికి చేరాలి. పిల్లల చేత తుక్కు దొంగిలింపజేసి కొనే పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, అయిదు లక్షల రూపాయల జరిమానా చట్టంలోనే ఉన్నాయి. వారిని వదిలి పిల్లవాణ్ణి పట్టుకుంటే పాము పోయాక పుట్టను కొట్టినట్లే. ఇక పరిశ్రమల వంతు: బోర్డు విచారించి పంపిన బాలునికి పాత కేసు అనర్హత కారాదని చట్టమే చెబుతోంది. అటువంటివారికి పని నేర్పడానికి ఉక్కునగరాన్ని మించిన చోటు ఏముంది?

మొక్కై వంగనిది మానై వంగదని సామెత. మొక్కను వంచవలసిన చేతులు ముందు ఒకదానితో ఒకటి కలవాలి. జిల్లాల హద్దు ఖర్కాయి కావచ్చు; బాలుని భవిష్యత్తుకు అది హద్దు కారాదు.