బరంపురం బరువులు మోసేదెవరు?

హాకీ ఇండియాకు 2018లో మొదలుపెట్టిన స్పాన్సర్‌షిప్‌ను ఒడిశా ప్రభుత్వం 2036 వరకు పొడిగించడం మంచి నిర్ణయం. ఆ ఆదరణ ఇప్పుడు అదే రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురం వ్యాయామశాలల దాకా రావాలి.

అలాంటి ఆదరణ కింద క్రీడాకారుడు డబ్బు తీసుకున్నంత మాత్రాన అమ్ముడుపోయినట్టు కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్, ఆరోగ్యానికి మంచిది కాదని శీతల పానీయం ప్రకటనను తిరస్కరించారు. ఆయనే తన అకాడమీ కోసం పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన 5 కోట్ల రూపాయల విరాళాన్ని స్వీకరించారు. ఆ అకాడమీలో రాటుదేలిన సైనా నెహ్వాల్, పి.వి. సింధు దేశానికి ఒలింపిక్ పతకాలు తెచ్చారు. సొమ్ముకు బదులుగా దాత ఏమి కోరుతున్నాడన్నదే అసలు ప్రశ్న. ఆ సొమ్ము ఎప్పుడు అందుతుందన్నదీ అంతే ముఖ్యం. బరంపురం వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచారు. ప్రచారం కోరే సంస్థలు అలాంటి పతకం మెడలో పడ్డాకే వస్తాయి. ఇనుప బార్, పాలు, గుడ్లు, శిక్షకుడి జీతం అవసరమయ్యేది మాత్రం అంతకు పదేళ్ల ముందు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ఒలింపిక్, గ్రామీణ క్రీడల శిక్షణను కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) వ్యయంగా గుర్తించింది. జిల్లాలోని పరిశ్రమలు ఆ నిధుల్లో కొంత పేటల్లోని వ్యాయామశాలలకు కనీసం ఐదేళ్ల ఒప్పందంతో కేటాయించాలి. ప్రభుత్వం ఆ ఒప్పందాలను బహిరంగపరచాలి; పొగాకు, మద్యం, పందేల యాప్‌ల సొమ్మును దరిచేరనివ్వకూడదు; బాల క్రీడాకారుల ప్రచార హక్కులను ఏ సంస్థా రాయించుకోకుండా నిబంధన తేవాలి.