బస్తీ బాగు – బస్తీవారి బాధ్యత

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ప్రాంతమును ముంచివేసెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, వీధులు వెడల్పుచేసి, పేదలకు ఇండ్లు కట్టించెను. మేలు జరిగెను; కాని నిర్ణయము సర్కారుది, బస్తీవారిది కాదు.

1967లో పురపాలక సంస్థ ఆరంభించిన సాముదాయికాభివృద్ధి పథకము వేరు త్రోవ చూపెను. క్రమముగా యునిసెఫ్ తోడ్పాటుతో, బ్యాంకు ఋణములతో, పలు బస్తీలవారు తామే ఇండ్లు కట్టుకొనిరి. 2024లో మూసీ తీరమున ఇండ్లు కూల్చినపుడు ఈ పాఠము విస్మరింపబడినది.

ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ లేనిదే బస్తా కదలదు. అతని గూడు కూల్చి గంజును బాగుచేయ నెంచుట వేరు నరికి చెట్టుకు నీరు పోయుటయే. బస్తీ సభ సమ్మతి లేక ఒక్క గోడయు పడగొట్టరాదని ప్రభుత్వమునకు విన్నవించుచున్నాము. ఆ సభకు అండగా ముందు నిలువవలసినవారు గంజు వర్తకులే.