వంద చీరలకు నూటొక్క పరుగులు

ఉప్పాడలో జాందానీ మగ్గం ముందు సాధారణంగా ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. పువ్వు ఎక్కడ రావాలో అక్కడ విడి దారాన్ని చేత్తో అల్లుకుంటూ పోతారు. పనితనం ఎక్కువున్న చీరైతే నెలల తరబడి మగ్గం మీదే ఉంటుంది. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ చీరలు ఇప్పుడు ఫోన్ తెర మీదా అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్లకు రంగు కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది. మరి నేసిన ఆ ఇద్దరి పేర్లు?

ఆ పేర్లు తెర మీదికి రావడం వెనక ఓ చిన్న కథ ఉంది.

ఉప్పాడ చీరలమ్మే వెబ్‌సైట్ ఒకటి ఉందనుకుందాం. వివరాలన్నీ డేటాబేస్‌లో పట్టికలుగా ఉంటాయి. ఒకదాంట్లో చీరలు, ఇంకోదాంట్లో నేతన్నలు, ఏ చీర ఎవరు నేశారో చెప్పే లంకెలు మరోదాంట్లో. సమాచారాన్ని ఇలా పట్టికలుగా అమర్చవచ్చని 1970లో ప్రతిపాదించింది ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్. వాటిని అడగడానికి ఎస్‌క్యూఎల్ అనే ప్రత్యేక భాష ఉంది. వెబ్‌సైట్ తయారుచేసేవాళ్లేమో పైథాన్ లాంటి భాషల్లో రాస్తారు. భాషలు వేరైనప్పుడు మధ్యలో దుబాసి ఉండాలి కదా! ఆ దుబాసే ఓఆర్ఎం... అంటే ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్.

పత్రికాఫీసులో పుట్టింది

ఇలాంటి దుబాసి ఉన్న పేరున్న ఫ్రేమ్‌వర్క్ జాంగో. అది పుట్టింది ఓ దినపత్రిక ఆఫీసులో! 2003లో అమెరికాలోని కాన్సాస్‌లో లారెన్స్ జర్నల్ వరల్డ్ పత్రికకు పనిచేస్తూ అడ్రియన్ హోలోవాటీ, సైమన్ విలిసన్ దీన్ని మొదలుపెట్టారు. వార్తల వెబ్‌సైట్‌లో అడిగిన మార్పు గంటల్లో చేసివ్వాలన్న తొందరే దీనికి మూలం. 2005 జులైలో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరే దీనికీ పెట్టారు.

జాంగోలో 'పదివేల లోపు ఎర్ర చీరలు చూపించు' అని అడగడానికి పైథాన్‌లో ఒక వాక్యం చాలు. దుబాసి దాన్ని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి పట్టుకెళతాడు. అయితే ఈయనది కాస్త నిదానం. అడిగిన వెంటనే కదలడు. ఆ జాబితా నిజంగా అవసరమైనప్పుడే వెళతాడు. అనవసరపు తిరుగుడు తప్పించే మంచి అలవాటే అది. చిక్కల్లా ఇక్కడే!

ఒక పేజీలో వంద చీరలు చూపించాలి. దుబాసి ఒకసారి వెళ్లి వందా తెస్తాడు. 'మొదటి చీర నేసిందెవరు?' అంటే మళ్లీ వెళతాడు. 'రెండోది?' మళ్లీ వెళతాడు. అలా మొత్తం నూటొక్కసారి! సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు. తయారుచేసేటప్పుడు ఐదు చీరలతోనే పరీక్షిస్తారు కాబట్టి ఆరు పరుగులతో సరిపోతుంది, ఎవరికీ తెలియదు. అసలు కొట్టు తెరిచాక తెలుస్తుంది... పేజీ తిరుగుతూనే ఉంటుంది, కొనేవాళ్లు విసుగొచ్చి వెళ్లిపోతారు.

'పేర్లు తీసేస్తే పోలా!' అనిపిస్తుంది అప్పుడు. నిజమే, పేజీ చటుక్కున తెరుచుకుంటుంది. కానీ నెలల తరబడి కూర్చున్న ఆ ఇద్దరూ తెర మీంచి మాయమైపోతారు.

ఒక్క మాట చాలు

అంత పని అక్కర్లేదు. 'చీరలతోపాటు నేతన్నల పేర్లూ తెచ్చెయ్' అని ముందే చెబితే చాలు. ఒక చీరకు ఇద్దరు నేతన్నలు, ఒక నేతన్నకు ఎన్నో చీరలు... ఇలాంటి చుట్టరికానికి జాంగోలో 'ప్రీఫెచ్ రిలేటెడ్' అనే మాట ఉంది. నూటొక్క పరుగులు రెండుకు తగ్గిపోతాయి. చీరకు ఒకే దుకాణం లాంటి ఒంటి లంకె అయితే 'సెలెక్ట్ రిలేటెడ్' అంటే ఒక్క పరుగులోనే రెండూ వస్తాయి. దుబాసి ఎన్నిసార్లు వెళ్లాడో లెక్క చూపించే డీబగ్ టూల్‌బార్ కూడా ఉచితంగానే దొరుకుతుంది.

దుబాసి ఉన్నాడు కదా అని ఆ భాషను పూర్తిగా మర్చిపోకూడదని నేర్పే పాఠమిది. మన తరఫున ఏమడుగుతున్నాడో, ఎన్నిసార్లు అడుగుతున్నాడో ఓ కన్నేసి ఉంచాలి. ఇంట్లో పిల్లలెవరైనా వెబ్‌సైట్ తయారుచేస్తుంటే ఓసారి అడిగి చూడండి: 'ఈ పేజీకి ఎన్ని పరుగులు?' అని.

జవాబు తెలిసిన చోట చీర త్వరగా వస్తుంది... నేసినవాళ్ల పేరూ దానితోనే వస్తుంది!