ఫోన్ ఆగినా ప్రయాణం ఆగకూడదు!

యూట్యూబ్‌లో ‘ఈడీసీ’ అని కొట్టి చూడండి. ఎవ్రీడే క్యారీ... అంటే రోజూ వెంట ఉంచుకునే సామాన్లు. టైటానియం పెన్నులు, మడత కత్తులు, పదిహేను పనులు చేసే మల్టీటూల్స్ అన్నీ నల్లగుడ్డ మీద వరసగా పేర్చి చూపిస్తారు. చూడ్డానికి భలే ఉంటాయి. కానీ మియాపూర్‌లో రాత్రి పదింటికి బస్సెక్కి, పొద్దున్నే ఊళ్లో దిగేవాళ్లకి వాటితో పనేంటి? మనకు కావాల్సిన పౌచ్ వేరు. సైజు స్కూల్లో వాడిన పెన్సిల్ పౌచ్ అంత ఉంటే చాలు.

సర్దే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. దారిలో ఫోన్ ఆగిపోతే పరిస్థితేంటి? టికెట్టు ఫోన్‌లోనే. డబ్బులు, ఐడీ, మ్యాపు, ఇంట్లోవాళ్ల నంబర్లు... అన్నీ దాంట్లోనే. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ‘సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్’ అంటారు. ఆ ఒక్కటీ పోతే మొత్తం కూలిపోతుందని. సర్వర్లకు బ్యాకప్ లేకుండా ఒక్కరోజు కూడా ఉండనివ్వం. మన ప్రయాణానికి మాత్రం ఏ బ్యాకప్పూ పెట్టుకోం.

పోయిన సంక్రాంతికి మా రూమ్మేట్‌ని తెల్లవారుజామున మూడున్నరకి బైపాస్ మీద దించేసి బస్సు వెళ్లిపోయింది. ఫోన్ డెడ్. జేబులో పది రూపాయల నాణెం కూడా లేదు. కాస్త దూరంలో పెట్రోలు బంకు కనబడితే, అక్కడి కుర్రాడు ఫోన్ ఇచ్చాడు. మనవాడికి గుర్తున్నది ఒకే నంబరు, అమ్మది. అదృష్టం, ఆవిడ పదిహేనేళ్లుగా అదే నంబరు వాడుతోంది! మీకు ఎన్ని నంబర్లు నోటికొచ్చు? చూడకుండా చెప్పండి.

అందుకే పౌచ్‌లో ముందు పెట్టాల్సింది గాడ్జెట్ కాదు, ఓ చిన్న కాగితం. నాలుగు ఫోన్ నంబర్లు, దిగాల్సిన చోటు అడ్రసు, బ్లడ్ గ్రూపు, టికెట్ పీఎన్‌ఆర్ పెన్నుతో రాసి, నీళ్లు తగలకుండా జిప్ కవర్లో పెట్టండి. ఆధార్ డిజిలాకర్‌లో ఉన్నా ఒక జిరాక్స్ కాపీ మడిచి పెడితే బరువేం కాదు.

తర్వాత క్యాష్. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో యూపీఐ ఆగిపోయినప్పుడు టీ కొట్ల దగ్గర ఎంతమంది బిక్కమొహాలు వేశారో గుర్తుందిగా! ఓ ఐదారు వందలు ఉంచండి. అయితే ఒకే ఐదొందల నోటు వద్దు. తెల్లారకముందే ఆటో అతని దగ్గర చిల్లర ఎక్కడిది? వందలు, యాభైలు, పదులుగా పెట్టుకోండి.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్ది చాలు. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది కాబట్టి లెక్క వేస్తే 37 వాట్ అవర్స్. విమానంలో మామూలుగా ఒప్పుకునే 100 వాట్ అవర్స్ కన్నా బాగా తక్కువ. అయితే 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు ఫుల్ అవుతుందనుకోకండి. వోల్టేజీ మారేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది. ఒకటింబావు, మహా అయితే ఒకటిన్నర సార్లు. ఎయిర్‌పోర్టుకి వెళ్తే దీన్ని చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే తగలబడింది. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తులో చెప్పారు. ఆ తర్వాత చాలా ఎయిర్‌లైన్స్ రూల్స్ బిగించాయి. మీ ఎయిర్‌లైన్ వాటిని ఓసారి చూసుకోండి.

చార్జర్ మీద సన్న అక్షరాల్లో ‘100-240 వోల్ట్స్’ అని ఉందో లేదో చూడండి. రైలు బోగీల్లో చార్జింగ్ సాకెట్లకు సాధారణంగా 110 వోల్టులే వస్తాయి. అలా రాసి ఉన్నవి అక్కడ కూడా పనిచేస్తాయి. పైగా రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకు చాలా రైళ్లలో ఆ సాకెట్లు ఆపేస్తారు. కాబట్టి చార్జింగ్ పని పడుకునే ముందే కానిచ్చేయండి. కేబుల్ పొట్టిది ఒకటి చాలు.

మందుల్లో మీరు రోజూ వేసుకునేవి రెండు రోజులకు ఎక్కువే ఉంచండి. స్ట్రిప్ కత్తిరించినప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్కే దాచుకోండి. నాలుగు బ్యాండెయిడ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఓఆర్ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందేమో చూడండి. ఆ పేరు పెట్టుకుని చక్కెర డ్రింకులు అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని చెప్పింది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాస్తే అన్నే కలపాలి. పెద్ద ప్యాకెట్టయితే లీటరు. సగం బాటిల్లో మొత్తం పోసేయకూడదు.

మిగతావి చిల్లర సామాన్లే. నాలుగు పిన్నీసులు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఓ పెన్ను, పేపర్ సోపు, వేలెడంత టార్చి. తెగిన బ్యాగు పట్టీకి, ఊడిన జిప్పుకి పిన్నీసును మించిన మల్టీటూల్ లేదు! ఇక కత్తులు, బ్లేళ్లు అసలొద్దు. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావడానికి అంత డబ్బు ఎందుకు పోయాలి?

ఒక్క రూల్ మాత్రం తప్పకూడదు. ఈ పౌచ్ డిక్కీలో వేసే సూట్‌కేసులో ఉండకూడదు, మీ ఒళ్లోనో భుజానికో ఉండాలి. ఇంటికి రాగానే వాడేసినవి మళ్లీ నింపి, పవర్ బ్యాంక్ చార్జింగ్ పెట్టి, తలుపు దగ్గర కొక్కేనికి తగిలించేయండి. ఇంట్లో చెల్లో తమ్ముడో హాస్టల్‌కి ఒంటరిగా వెళ్లొస్తుంటే వాళ్లకీ ఒకటి సర్ది ఇవ్వండి. ముందుగా ఆ నంబర్ల కాగితం రాయండి. దానికి పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.