దిద్దే చేతికి కులం ఉంది

కాలేజీల్లో లెక్కల హోంవర్కు ఫోనులో చేయమంటున్నారు. 2020 లాక్‌డౌన్‌లో తప్పక మొదలైంది, కొన్నిచోట్ల అలాగే ఉండిపోయింది. ఇది మంచిదా, చెడ్డదా అని డిగ్రీ చదివే మన వాడ పిల్లలు మమ్మల్ని అడుగుతున్నారు. తొందరపడి జిందాబాద్ అనలేం, ముర్దాబాద్ అనలేం.

యంత్రం ఇంటిపేరు అడగదు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. మేం చదువుకునే రోజుల్లో నోటుబుక్కు అట్ట మీద పేరు చూసి, "ఏ హాస్టలురా?" అని అడిగి, లోపలి పేజీ తిప్పకుండానే మార్కులేసిన చేతుల్ని చూశాం. ఒకే లెక్క, ఒకే పద్ధతి. ముందు బెంచీకి 9, వెనక బెంచీకి 5. అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో గేజ్, పైజర్ అనే లెక్కల అధ్యాపకులు 1990లలోనే వెబ్‌వర్క్ అనే ఏర్పాటు చేశారు. ఒక్కొక్కరికి అంకెలు మార్చి ఇస్తుంది. తప్పయితే అప్పుడే చెబుతుంది, మళ్లీ చేసుకోనిస్తుంది. అందరి ముందు "నీకు లెక్కలెందుకురా" అనదు. ఈ ఒక్కదానికే మా ఓటు సగం అటు పడింది.

మిగతా సగం ఎందుకు పడలేదు? లెక్కంటే చివరి జవాబొక్కటే కాదు గనక. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో పిల్ల నాలుగు మెట్లు సరిగ్గా ఎక్కి, ఐదో మెట్టులో మైనస్ గుర్తు మరిచిందనుకోండి. కాగితం మీదైతే నిజాయితీ గల సారు అక్కడ ఎర్రసిరా చుట్టి, ఎక్కిన మెట్లకు మార్కులేస్తాడు. జవాబు మాత్రమే అడిగే యంత్రం మొత్తం కొట్టేస్తుంది, ఎక్కడ జారిందో చెప్పదు. ఒకటి రాసి, గీత గీసి, కింద రెండు ఎక్స్ అని రాస్తే మనిషికి తెలుస్తుంది. టైపు చేసేటప్పుడు బ్రాకెట్టు మరిస్తే అరను ఎక్స్‌తో గుణించమన్నావని తీసుకుంటుంది. లెక్క వచ్చి కూడా తప్పే! ఇంట్లో చదువుకున్న అన్నో నాన్నో ఉన్నోడు పక్కన అడిగి దిద్దుకుంటాడు. మొదటి తరం పిల్ల ఎవరినడగాలి? పైగా ఇంటికొకటే ఫోను. అది తండ్రితో కూలికి పోతుంది. రాత్రి 12కి గడువైపోతుంది. సెమిస్టరు పరీక్షేమో మళ్లీ కలంతోనే రాయాలి.

ఫోనులో సాధన చేయించండి, కాదనం. మార్కులు దానికి ముడిపెట్టకండి. కాలేజీ కంప్యూటరు గది సాయంత్రం పూట తెరిచి ఉంచండి. వారానికొకసారి కాగితం మీద మెట్లన్నీ రాయించండి. ఆ కాగితం మీద పేరొద్దు, నంబరు చాలు. చేతిరాత గుర్తుపడతారంటారా? ఈ సెక్షను కట్ట ఆ సెక్షను సారుకివ్వండి. దిద్దిన కాగితం పిల్లల చేతికి తిరిగి రావాలి, అసలు సంగతి అదే.

సంఘం కార్యకర్తలు ఈ పదిహేను రోజుల్లో హాస్టళ్లకు పోయి, ఎవరికి సొంత ఫోనుంది, ఎవరికి లేదు, పేరుపేరునా రాసుకురండి. ఆ పట్టిక పట్టుకునే ప్రిన్సిపాలు గదికి పోదాం.