ఇంటింటి కబుర్లు: తొలి పలక

బోగోలు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. భర్త రైల్వేలో పనిచేసి బిట్రగుంటలోనే పదవీ విరమణ పొందారట. ఒక్కడే కొడుకు. చెన్నైలో చదువుకునే రోజుల్లో, సెలవు దొరికినప్పుడల్లా కోవళం వెళ్ళి, అలలమీద పలక వేసుకుని నిలబడడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల జీతంలోంచి దాచిన డబ్బుతో ‘ఫాయిల్ బోర్డు’ కొంటానంటున్నాడు.

“వాళ్ళ నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఆయన తమ్ముణ్ణి సముద్రమే తీసుకుపోయింది. వీడేమో రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. పోనీ కొంటే కొన్నాడు, కాస్త పెద్దది కొనుక్కోరా అంటే, నలుగురూ నవ్వుతారంటాడు. చిన్న పలక మీదే వాడి కన్ను. నేనెవరి పక్షాన మాట్లాడను?” అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు తోచింది ముందే చెబుతున్నాను. కొనడం విషయంలో అబ్బాయి పక్షం, పలక విషయంలో మీ పక్షం, జాగ్రత్త విషయంలో మీవారి పక్షం. ఎందుకో వివరిస్తాను.

ఈ వస్తువేమిటో తెలియని సోదరీమణులు చాలామంది ఉంటారు. వారికోసం రెండు ముక్కలు. పలకమీద బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్ళు వెనక్కు నెడుతూ, అల తనను అందుకోగానే చటుక్కున లేచి నిలబడాలి. ఇంతవరకూ మామూలు సర్ఫింగే. తేడా అంతా అడుగున ఉంది. పలకకింద నిలువుగా మూరన్నర పొడవు కడ్డీ, దాని కొసను విమానం బొమ్మకున్నట్లు రెక్కలు. వేగం పుంజుకోగానే ఆ రెక్కలు నీటిలోనే ఉండి పలకను పైకి ఎత్తేస్తాయి. మనిషి నీటికి జానెడెత్తున తేలిపోతాడు. గాలికంటే నీరు సుమారు 800 రెట్లు చిక్కన గనుక, విమానానికి కావలసినంత రెక్కా అక్కర్లేదు, అంత వేగమూ అక్కర్లేదు. సైకిలు వేగం చాలు.

ఇది నిన్న మొన్న పుట్టిన పిచ్చి అనుకోకండి. ఇటలీలో ఫోర్లానినీ అనే ఇంజనీరు 1906లోనే నీటిరెక్కల పడవ నడిపాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్‌గారి బృందం 1919లో కెనడాలో అటువంటి పడవనే గంటకు 114 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించింది. ఈ శతాబ్దం మొదట్లో హవాయి దీవుల్లో లెయర్డ్ హామిల్టన్, అతని స్నేహితులు ఆ రెక్కను అలలమీదికి తెచ్చారు. ఇక అలమీద ఎక్కిరావడమంటారా, మన కోస్తా జాలరులకు అది ఎవరూ నేర్పనక్కరలేదు. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్పమీద అలలు దాటి వెళ్ళి, అలలమీదే ఒడ్డుకు వచ్చేవారు. ఆ తెప్పకు అరవంలో ఉన్న ‘కట్టుమరం’ అనే పేరే ఇంగ్లీషులో ‘కెటమరాన్’ అయింది. మొన్న 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగు పోటీల్లో రమేష్ బుదిహాల్ అనే మన కుర్రవాడు కంచు పతకం కూడా గెలిచాడు. కనుక మీవాడు వెర్రివాడేమీ కాదు.

ఇక పలక సంగతి. బోర్డు ఎంత తేలుతుందో లీటర్లలో చెబుతారు. మీ అబ్బాయి బరువు 65 కిలోలని వ్రాశారు. పడుకున్నప్పుడు ఒళ్ళు కొంత నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి బరువుకు సమానంగా లీటర్లు అవసరం లేదు. మొదటిసారి కొనేవాడికి 40 నుంచి 50 లీటర్లు, అయిదు అడుగులు మొదలు అయిదున్నర అడుగుల పొడవు, 20 అంగుళాల పైచిలుకు వెడల్పు ఉంటే బాగు. ఆరితేరినవాళ్ళు 30 లీటర్లు కూడా లేని పలకలతో ఆడతారు. మీవాడు చూసి మోజుపడినది అదే అయివుంటుంది.

చిన్న పలకతో చిక్కేమిటంటే, అది మనిషి కింద మునిగి ఉంటుంది. ఎంత చేతులాడించినా వేగం రాదు. మెత్తని అల చేతికందకుండా దాటిపోతుంది. అందేసరికి అల నిట్టనిలువుగా లేచి విరగబోతూ ఉంటుంది. అటువంటి అలమీద రెక్క ఒక్కసారిగా పైకి తన్నుతుంది, మనిషి కింద, కత్తిలాంటి రెక్క పక్కనే. పెద్ద పలక అయితే అల ఇంకా మెత్తగా ఉండగానే అందుకుంటుంది, లేచి నిలబడడానికి తీరిక ఇస్తుంది. అలాగని ఏడెనిమిది అడుగులది కొననివ్వకండి. గాలిలోకి లేచాక దాని ముక్కు ఊగిసలాడి నీటికి కొట్టుకుంటుంది. ఇంట్లో ఉన్న పాత సర్ఫింగు పలకకే రెక్క బిగిద్దామన్నా ఒప్పుకోకండి. ఆ బరువుకు తట్టుకునే బలం అడుగున లేకపోతే బిగించినచోటే ఊడి వస్తుంది.

పలక ఒక్కటీ చూసుకుంటే చాలదు. ముందు రెక్క 1500 నుంచి 2000 చదరపు సెంటీమీటర్ల వైశాల్యంతో, సన్నగా పొడవుగా కాక కాస్త బొద్దుగా ఉండాలి. పెద్ద రెక్క నెమ్మదైన వేగానికే ఎత్తుతుంది. కడ్డీ 60 నుంచి 75 సెంటీమీటర్లు చాలు. పొట్టి కడ్డీ అయితే పడినా తక్కువ ఎత్తునుంచి పడతాడు. కడ్డీని ముందుకు జరిపితే పలక ఎక్కువ లేస్తుంది, వెనక్కు జరిపితే తక్కువ. కుదిరినచోట పెన్సిలు గుర్తు పెట్టుకోమనండి.

కొత్తది అన్నీ కలిపి లక్ష దాటడం మామూలే. పాతది కొంటే తప్పులేదు. కడ్డీ బిగించే గాళ్ళ చుట్టూ పగుళ్ళున్నాయేమో చూడాలి. తూస్తే ఉండవలసినదానికన్నా బరువెక్కువ తూగిందంటే లోపల నీరు చేరిందన్నమాట. మరలన్నీ విప్పి చూపించమనాలి. ఉప్పునీటికి అల్యూమినియంలో ఉక్కు మర కరుచుకుపోయిందంటే ఇక రాదు. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, మరలు వదులు చేసి, కాస్త గ్రీజు రాయాలి. మన నెల్లూరు ఎండలో మేడమీద వదిలేస్తే పలక పొరలు పొంగిపోతాయి. వడియాలు ఎండబెట్టేచోటు దానికి పనికిరాదు!

ఇప్పుడు మీవారి భయం సంగతి. అది చాదస్తం కాదమ్మా. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి సముద్రం సముద్రంలా కనిపించదు. పైగా 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసిన ప్రాంతం మీది. అందుచేత అబ్బాయి ఈ షరతులు కాగితంమీద వ్రాసి తండ్రిగారి చేతికివ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పలక ఇల్లు కదలదు. నెత్తిన హెల్మెట్టు, ఒంటికి తేలే చొక్కా లేకుండా నీళ్ళలో దిగడు. ఒంటరిగా వెళ్ళడు. మోకాలు మొదలు నడుమెత్తు దాకా ఉండే మెత్తని అలలే ఎక్కుతాడు. ఒడ్డునే విరిగి ఇసుకలో కొట్టే అల జోలికి పోడు. పడితే రెక్కకు దూరంగా పడి, చేతులు తలకు అడ్డుపెట్టుకుని పైకి తేలతాడు. స్నానాలు చేసేవాళ్ళు ఉన్నచోట అసలు దిగడు, ఎందుకంటే ఆ రెక్క తగిలితే దెబ్బతినేది తనొక్కడే కాదు.

ఇంకొక్కటి. బకింగ్‌హామ్ కాలువ దాటి ఒడ్డుకు చేరగానే, ముందుగా అక్కడి జాలరులను అడగాలి. ఇసుకతిప్ప ఎక్కడుంది, లోతు ఎక్కడుంది, ఈవేళ నీరు ఎటు లాగుతోంది, అలివి వల ఎక్కడ లాగుతున్నారు, ఈ సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు. వలలో రెక్క చిక్కితే వాడి ప్రాణానికీ ప్రమాదం, వాళ్ళ కూటికీ నష్టం. జువ్వలదిన్నె రేవులోకి పడవలు వచ్చిపోయే దారికి కూడా దూరంగా ఉండాలి. కొనడానికి ముందు ఫాయిల్ తెలిసిన గురువు దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే, ఏ పలక కావాలో వాడికే తెలుస్తుంది.

నవ్వేవాళ్ళ సంగతంటారా? మీవాడికి అక్షరాభ్యాసం చేసిన రోజు గుర్తు చేయండి. పలక నిండా ఒక్క ‘ఓం’ దిద్దించి ఉంటారు. అంత పెద్ద అక్షరం వ్రాశావేమని అప్పుడెవరూ నవ్వలేదు కదా! పెద్ద అక్షరం కుదిరినవాడే చిన్న అక్షరం వ్రాయగలిగాడు. ఏడాది తిరిగాక ఈ పలకను ఇంకో కొత్తవాడికి అమ్మి, చిన్నది కొనుక్కోమనండి. అప్పుడు నేనూ మీవాడి పక్షమే.

మీవారిని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి. మొదటిరోజు ఒడ్డుకు తీసుకువెళ్ళండి. కొడుకు పడడం, పడి లేవడం ఆయన కళ్ళారా చూస్తే, ఇంట్లో కూర్చుని ఊహించుకునే భయం సగమైనా తగ్గుతుంది. ఫ్లాస్కులో కాఫీ మరచిపోకండి. ఏం కొన్నారో, ఆయన వచ్చారో లేదో తప్పక వ్రాయండి.