ఆయిలు గేజి తీసి చూసేదెవరు?

పలాస, (మా విలేఖరి): గత చలికాలంలో ఒకనాటి తెల్లవారుజామున కోటబొమ్మాళి దాటిన తరువాత జాతీయ రహదారి పక్కన ఒక అద్దె కారు ఆగిపోయింది. అందులో ఉన్నది వజ్రపుకొత్తూరు మండలానికి చెందిన ఒక కిడ్నీ రోగి, ఆయన భార్య, తోడుగా బయలుదేరిన ఈ విలేఖరి. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూస్తానన్న తారీకు ఆ రోజే.

టెక్కలి దాటేసరికే మీటరు బోర్డు మీద నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగింది. ఇదేమిటని అడిగితే "అది ఎప్పుడూ ఎలుగుతాది బావూ, ఏటీ కాదు" అని డ్రైవరు ధైర్యం చెప్పాడు. మరికొంత దూరం పోయేసరికి బానెట్టు కింద సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలయింది. ఆ తరువాత ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. "బండి ఆగిపోనాది, మరేటి సేస్తాం బాబూ" అని ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఇంకో బండి దొరికేసరికి రెండు గంటలు పట్టింది. ఆనాడు డాక్టరు చూడలేదు. తారీకు పన్నెండు రోజులు జరిగింది.

తరువాత ఇంజను విప్పితే అడుగున మిగిలింది గిద్దెడు ఆయిలు. అదీ ఆయిలులా లేదు, తారులా ఉన్నది. అంతకు నెల ముందే ఒక షెడ్డులో ఆయిలు మార్పించానని యజమాని ప్రమాణం చేసి చెబుతున్నాడు. మార్చారో, పాతదాని మీదే కాస్త పోసి పంపారో ఆయన దగ్గర రుజువు లేదు. చీటీ తీసుకోలేదు, దగ్గర నిలబడి చూడలేదు. రిపేరుకు నలభై వేల పైచిలుకు అయింది. లీటరుకు వంద రూపాయలు తగ్గుతుందని విడి ఆయిలు పోయించుకున్న ఫలితమిది.

ఇది ఒక్క బండి కథ కాదు. ఉద్దానంలో అద్దె కారంటే విలాసం కాదు. డయాలసిస్‌కు పోవాలన్నా, శ్రీకాకుళం, విశాఖ ఆస్పత్రులకు పోవాలన్నా అదే దిక్కు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చిన మాట నిజమే. అయినా దూరపు ప్రయాణాలు పూర్తిగా తప్పలేదు. ఊరి నుంచి పలాసకు రావడానికైనా బండి కావాలి కదా. అందువల్ల ఇక్కడ ఇంజను ఆయిలు యజమాని సొంత వ్యవహారమని ఊరుకోవడానికి వీలులేదు.

మన వాళ్ళలో బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటున్నది. ఆయిలు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదట! అంబాసిడర్ల కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఆ ఇంజన్లలో సందులు ఎక్కువ, అరిగిన కొద్దీ ఇంకా పెరిగేవి. ఆ కారు తయారీయే 2014లో ఆగిపోయింది గాని, దాని ఆయిలు మాత్రం మన షెడ్లను వదలలేదు. ఇప్పటి ఇంజన్లలో ఆయిలు నడిచే దారులు సన్ననివి. పలుచని ఆయిలు అడిగే ఇంజనులో చిక్కనిది పోస్తే, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు అది పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ ఇనుము ఇనుమును రాసుకుంటుంది.

డబ్బా మీద 20డబ్ల్యు-40 అనో, 5డబ్ల్యు-30 అనో ఉంటుంది. డబ్ల్యు ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది, అంకె తగ్గితే అంత తేలిక. వెనుక అంకె ఇంజను వేడెక్కిన తరువాత ఉండే చిక్కదనం. బెల్లం పాకం పొయ్యి మీద ఒకలా, దించాక ఒకలా ఉండడం ఎరిగిన వాళ్ళకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మన దగ్గర మంచు కురవదు గనుక ముందు అంకెతో పని లేదని కొందరు మేస్త్రీలు వాదిస్తారు. ఆ మాట పాత ఇంజన్లకు చెల్లవచ్చు. కొత్త బండికి కంపెనీ పుస్తకంలో ఏ అంకె రాసి ఉంటే అదే పోయాలి. పుస్తకం పోయిందనేది సాకు మాత్రమే. బండి పేరు, ఏ సంవత్సరంలో తయారయిందో చెబితే మంచి ఆయిలు దుకాణంలో చూసి చెబుతారు.

అంకెలతోబాటు అక్షరాలు కూడా చూడాలి. ఏ.పి.ఐ. అనే గుర్తు పక్కన ఎస్. తో మొదలయితే పెట్రోలు ఇంజనుకు, సి. తో మొదలయితే డీజిలు ఇంజనుకు. ఎస్.ఎన్. కన్నా ఎస్.పి. కొత్తది, సి.ఐ.-4 కన్నా సి.కె.-4 కొత్తది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బి.ఎస్.-6 డీజిలు కార్లలో చాలావాటికి పొగ గొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి. పాత ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలోది మిగిలిందని కారులో పోస్తే జల్లెడ పూడుకుపోతుంది. మోటారు సైకిలు సంగతి వేరు. అందులో క్లచ్చి కూడా అదే ఆయిలులో తడుస్తుంది గనుక కారు ఆయిలు పోస్తే క్లచ్చి జారవచ్చు. ఇక పడవ మోటార్ల కోసం పెట్రోలులో కలిపే టూ స్ట్రోకు ఆయిలును కారులో పోసే ఆలోచనే వద్దు.

ఎప్పుడు మార్చాలి? పెట్రోలు కార్లకు చాలా కంపెనీలు పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందయితే అది అని రాస్తాయి. ఆ 'లేదా'ను మనవాళ్ళు చదవరు. బండి తిరగలేదు కదా, ఆయిలు ఎందుకు పాడవుతుందంటారు. ఇంటి నుంచి కాశీబుగ్గకు, కాశీబుగ్గ నుంచి ఇంటికి తిరిగే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన చెమ్మ ఆవిరి కాదు, ఆయిలులోనే కలుస్తుంది. దానికి మన ఇసుక దుమ్ము తోడు. ఇటువంటి తిరుగుడును కంపెనీ పుస్తకాలే కఠినమైన వాడకమని పేర్కొని గడువు తగ్గించమంటాయి. ఆయిలుతోబాటు ఫిల్టరు కూడా మార్చాలి. ఫిల్టరు డబ్బు మిగుల్చుకోవడమంటే స్నానం చేసి విడిచిన బట్టలే తిరిగి కట్టుకోవడం.

రంగు చూసి తీర్పు చెప్పేవారు కూడా మోసపోతారు. డీజిలు బండిలో కొత్త ఆయిలు కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని పట్టుకుని తన పని తాను చేస్తున్నదని అర్థం. కాని పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగితే మాత్రం లోపల నీరు చేరినట్టే, ఇంజను స్టార్టు చేయకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తరువాత కరెంటు లేని రోజులలో నీటి కోసం ఇంజన్లు, జనరేటర్లు బయటికి తీసినవారికి ఈ రంగు గుర్తుండే ఉంటుంది.

వారానికొకసారి బండిని చదును నేల మీద నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాలకు గేజి తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూడాలి. ఆయిలు రెండు గీతల నడుమ ఉండాలి. పై గీత దాటించి పోయడం కూడా తప్పే. ఎర్ర దీపం వెలిగితే ఉన్నచోటే ఇంజను ఆపాలి. ఇంత చిన్న పని ఆ డ్రైవరు చేసి ఉంటే ఆ ఇల్లాలు చీకట్లో రోడ్డు పక్కన కూర్చోవలసిన అగత్యం ఉండేది కాదు.

షెడ్డులో ఆయిలు మార్పించేటప్పుడు సీలు ఉన్న డబ్బాను ఎదురుగా విప్పించి, పాతది కారిపోయేదాకా నిలబడి చూడాలి. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు రాయించాలి. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి మరీ వదలాలి. మంచి డబ్బాలో దొంగ ఆయిలు నింపి అమ్మేవారికి చిల్లు డబ్బా పనికిరాదు.

పాత ఆయిలు ఎక్కడికి పోతున్నదనేది ఇంకా పెద్ద ప్రశ్న. చాలా షెడ్లలో వెనుక ఇసుకలోకి పోతున్నది. ఇళ్ళ దగ్గర మార్చుకునేవారు కొబ్బరి చెట్టు మొదట్లోనో, బావి పక్కనో పారబోస్తున్నారు. మనది నీరు ఇంకే ఇసుక నేల. ఒక కారులోంచి ఒక్కసారి తీసిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతున్నది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు, ఈ ఆయిలుకు సంబంధం ఉన్నదని ఎవరూ తేల్చలేదు. నేనూ ఆ మాట అనడం లేదు. కాని నీటి మీద ఇంత భయం ఉన్నచోట, హిరమండలం నుంచి గొట్టాలు వేసి నీరు తెచ్చుకున్న చోట, మిగిలిన బావులలోకి మన చేతులతో మనమే నల్ల ఆయిలు దింపడం ఏమి తెలివి?

చెద పట్టకుండా వాసాలకు, తలుపులకు పూస్తామని కొందరంటారు. పలాసలో పుట్టి పెరిగి ఆ మాట అనవచ్చునా? జీడి తొక్క నుంచి తీసే నూనె కర్రకు, పడవకు పూత అని పూర్వం నుంచి ఎరిగినవాళ్ళం. అదీ చర్మాన్ని కాలుస్తుంది గనుక జాగ్రత్తగానే పూయాలనుకోండి.

వాడిన ఆయిలును శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. కాగితం మీది ఆ నిబంధన కాశీబుగ్గ షెడ్డుదాకా నడిచి రాదు. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ వారు మూతగల పీపాలు పెట్టించి, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపే ఏర్పాటు చేయాలి. ఏ షెడ్డు నుంచి ఎంత వచ్చిందో పుస్తకంలో రాయించాలి. టెక్కలి, సోంపేట, మందస పంచాయతీల వారు కూడా తమ పరిధిలోని షెడ్ల వారిని పిలిచి మాట్లాడాలి. షెడ్ల వారితో ఈ సంగతి ప్రస్తావిస్తే, పీపా పెడితే పోయడానికి తమకేమీ అభ్యంతరం లేదని, ఇప్పుడు పోయడానికి చోటు చూపేవారే లేరని అన్నారు.